నలభై ఒక్క చుక్కలు

నాకు కుళ్ళు అంటాడు మా ఆయన. అవును, కుళ్ళే. దానికి ఇంకో పేరు పెట్టి నాజూకు చేసే ఓపిక నాకు లేదు. నేను గీసిన అంకెలకు నా తోడికోడలి పేరు పడింది. ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కినా, ఏ ఆసుపత్రి వరండాలో నడిచినా, నా రెండు, నా ఐదు, నా తొమ్మిది తలుపుల మీదనుంచి నన్నే చూస్తుంటాయి. వాటిని చేసింది ఎవరని అడిగి చూడండి, అందరూ ఆవిడ పేరే చెబుతారు. ఇంత జరిగాక కూడా కుళ్ళకుండా ఉండటానికి నేనేమన్నా గోడనా?

మాది బోర్డుల కార్ఖానా. మా మామగారు పెట్టారు. అక్షరాలు మా ఆయన రాస్తాడు, అంకెలు నేను రాస్తాను. పెళ్ళయిన కొత్తలో ఇంటి నంబర్ల రేకులు బోలెడు పోగుపడ్డాయి, సాయంగా ఉంటుందని కుంచె పట్టుకున్నాను. మామగారు వెనకనుంచి వచ్చి కాసేపు చూసి, "అంకెలన్నీ ఇకనుంచి పెద్దకోడలికే" అని తేల్చేశారు. అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నాకు పెన్సిలు గీత అక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. మణికట్టు కింద ఆనించుకోవడానికి ఒక కర్ర, రంగు డబ్బా, నాలుగు కుంచెలు ఉంటే చాలు. మూడు అంకెను పైనుంచి కిందిదాకా ఒక్క లాగులో లాగేస్తాను.

ఆరేళ్ళ కిందట మా మరిది పెళ్ళి చేసుకున్నాడు. తోడికోడలితో పాటు ఒక కంప్యూటరు కూడా వచ్చింది. దాని తెర మీద రంగు తుంపర పడకూడదట, అందుకని కార్ఖానాలో కిటికీ పక్కన ఉన్న బల్ల దానికిచ్చారు. అంతవరకూ వెలుతురు బాగుంటుందని ఆ బల్ల దగ్గర కూర్చునేది నేనే. సరే, కొత్తకోడలు కదా అని జరిగాను. జరిగినదాన్ని మళ్ళీ ఆ చోటికి వెళ్ళలేదు.

వచ్చిన ఏడాదికి ఆవిడ ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అక్కా, సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక కాగితం మీద రాసివ్వవా? ఒక్క పూతే వెయ్యి, రెండో పూత వద్దు" అంది. పాత కేలండరు వెనకవైపు రాసిచ్చాను. ఆ తర్వాత ఐదు వారాలు ఆవిడ ఆ తెర ముందునుంచి లేవలేదు. దూరంనుంచి చూస్తే నా మూడు చుట్టూ నల్లటి చుక్కలు కనబడేవి. అప్పుడే ఆవిడకి చుక్కలమ్మ అని పేరు పెట్టాను. ఎగతాళికే పెట్టాను, కాదనను. కానీ కార్ఖానాలో అందరికీ అదే అలవాటైపోయింది. చివరికి ఆవిడే ఫోనెత్తి "చుక్కలమ్మని మాట్లాడుతున్నానండీ" అనేదాకా వచ్చింది. నేను ఎగతాళికి పెట్టిన పేరు కూడా ఆవిడకే కలిసొచ్చింది.

ఆ చుక్కలు ఆవిడే పెడుతోందో, కంప్యూటరే పెడుతోందో నేను దగ్గరికి వెళ్ళి చూడలేదు. చూస్తే ఎక్కడ మెచ్చుకోవలసి వస్తుందోనని భయం.

పని అయ్యాక భోజనాల దగ్గర అందరికీ చెప్పింది. ప్రతి చుక్కకీ రెండు సంఖ్యలుంటాయట, పక్కకి ఎంత, పైకి ఎంత అని. అవన్నీ కలిపి రాస్తే పది అంకెలూ లోపల ఒకే ఒక్క సంఖ్యట. "పాటైనా, ఫొటో అయినా కంప్యూటర్లో అంతే అక్కా. ఈ ఫైలు మొత్తం ఇరవై తొమ్మిది వేల అంకెలున్న ఒక సంఖ్య" అంది.

"పది అంకెలు రాయడానికి ఇరవై తొమ్మిది వేల అంకెలా? నీకన్నా నా కుంచె నయం" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ ఇరవై తొమ్మిది వేల అంకెల సంఖ్య మాత్రం ఊరంతా పాకింది. లిఫ్టుల వాళ్ళు తీసుకున్నారు, ఆసుపత్రుల వాళ్ళు తీసుకున్నారు. కాపీరైట్ కార్యాలయం నుంచి నమోదు పత్రం వచ్చింది, కర్త అన్నచోట ఆవిడ పేరుతో. దాన్ని అద్దం కట్టించి కిటికీ పక్కన తగిలించారు. ఒక పత్రిక నుంచి వచ్చి ఆవిడ ఫొటో తీసుకెళ్ళారు. అచ్చయిన ఫొటోలో ఎడమ అంచున ఒక మోచెయ్యి కనబడుతుంది. అది నాదే.

అప్పటినుంచి ఎవరొచ్చి "ఈ అంకెలు ఎలా చేశారండీ?" అని అడిగినా నేను ఒకటే చెప్పేదాన్ని. "ఏముంది, బటన్ నొక్కింది, వచ్చి పడ్డాయి." ఐదేళ్ళు ఇదే మాట చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త హాయిగా ఉండేది, ఆ హాయి సాయంత్రం దాకా కూడా నిలిచేది కాదు.

ఈ ఏడాది మొదట్లో చుక్కలమ్మ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, పన్ను సంగతి మర్చిపోయి పరుగెత్తుకుంటూ వచ్చింది. అక్కడి టోకెన్ల తెర మీద మన అంకెలే ఉన్నాయట, కానీ అవి మనం ఇచ్చినవి కావట. వాకబు చేస్తే తేలింది. ఫాంట్లు అమ్మే ఒక కంపెనీ అవే అంకెల్ని వేరే పేరుతో అమ్ముకుంటోంది. మరిది మండిపడి లాయరమ్మను పిలిపించాడు.

లాయరమ్మ కార్ఖానాకే వచ్చింది. కుర్చీ మీద రంగు మరకలు చూసి, కూర్చోవాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి కూర్చుంది.

"ముందు ఒక సంగతి చెబుతాను. అంకెల ఆకారం మీద ఎవరికీ హక్కు ఉండదు" అంది.

"ఎవరికీ అంటే?" అన్నాను నేను.

"గీసినవాళ్ళకి కూడా ఉండదమ్మా. ఐదు ఎలా ఉండాలో ఒకళ్ళ సొంతమైపోతే మిగతావాళ్ళు ఐదు ఎలా రాస్తారు చెప్పండి? కానీ ఆ ఆకారాన్ని చుక్కలుగా, ఆ చుక్కల్ని సంఖ్యలుగా మార్చిన ఫైలు ఉందే, అది రచన కింద లెక్క. అది ఎవరు రాస్తే వాళ్ళది."

"అంటే నేను గీసింది ఎవరిదీ కాదు. దాన్ని చూసి ఈవిడ పెట్టిన చుక్కలు మాత్రం ఈవిడవి."

"చట్టం అంతే అమ్మా."

"ఆ చట్టం రాసినాయన జన్మలో కుంచె పట్టి ఉండడు" అన్నాను. మా ఆయన కాలితో నా కాలు తొక్కాడు.

"ఇంకో తమాషా ఉంది" అని లాయరమ్మ నవ్వింది. "ఆ కంపెనీవాళ్ళు మీరు రాసిన తలుపుల ముందు కూర్చుని, చూసి, సొంతంగా చుక్కలు పెట్టుకుని ఉంటే తప్పే లేదు. మీ ఫైలు ఎత్తుకుంటేనే తప్పు."

"ఎలా చేసినా చివరికి అదే సంఖ్య వస్తే?" అన్నాడు మరిది.

"సంఖ్య ఎవరి సొంతమూ కాదండీ. అది చేతికి ఎలా వచ్చిందన్నదే చూస్తారు. మీ ఫైలే ఎత్తారని చూపించగలమా?"

చుక్కలమ్మ తెర తిప్పింది. "చూపించగలం. మామూలుగా మూడు అంకెకి పధ్నాలుగు చుక్కలు చాలండీ. నేను నలభై ఒక్కటి పెట్టాను. వాళ్ళ మూడులోనూ నలభై ఒక్కటే ఉన్నాయి, ప్రతి చుక్కా సరిగ్గా అక్కడే."

లాయరమ్మ మొహం వెలిగిపోయింది. "ఇన్ని అనవసరపు చుక్కలు పెట్టేవాళ్ళు లోకంలో ఇద్దరుండరు. మనం గెలిచినట్టే. ఒక్కటి గుర్తుంచుకోండి. కష్టపడ్డామంటే హక్కు రాదు, ఎంచుకున్నామంటేనే వస్తుంది. మిషను పెట్టిన చుక్కలు ఎవరివీ కావు, ఉన్నదున్నట్టు దించిన చుక్కలూ ఎవరివీ కావు. ఎక్కడ పెట్టాలో మీరు ఎంచుకుని పెట్టారు. మన బలం అదే."

పధ్నాలుగు చాలేచోట నలభై ఒకటా, పని రాక ఎక్కువ పెట్టిందన్నమాట అని నేను లోపల్లోపల సంబరపడ్డాను.

వారం తిరక్కుండా ఒకాయన గది నంబర్ల రేకులు కావాలంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నేను రాస్తుంటే పక్కనే నిలబడి ముప్పావుగంట చూశాడు. "ఈ చెయ్యి సామాన్యమైనది కాదండీ" అన్నాడు. "ఊళ్ళో కనబడే అంకెలన్నీ మీవేనా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. నేను వెన్నలా కరిగిపోయాను. కుర్చీ వేయించి టీ తెప్పించాను.

"మరి కంప్యూటరు పని?" అన్నాడు టీ చప్పరిస్తూ.

"అదేం పనండీ? బటన్ నొక్కింది, వచ్చి పడ్డాయి."

"అంటే చుక్కలు మిషనే పెట్టిందా?"

"మరి ఎవరు పెడతారు?"

ఆయన రేకుల కోసం మళ్ళీ రాలేదు. ఆయన బదులు, లాయరమ్మ పంపిన నోటీసుకి ఆ కంపెనీ జవాబు వచ్చింది. మేమేమీ ఎత్తుకోలేదు అని దబాయించడమే కాకుండా, అసలు ఆ ఫైలుకు కర్తే లేడనీ, నమోదు పత్రం రద్దు చెయ్యాలనీ ఎదురు తిరిగారు. మరిది అందరి ముందూ పైకి చదివాడు. "సదరు కార్ఖానాలోని పెద్ద కళాకారిణి స్వయంగా చెప్పినదాని ప్రకారం, ఆ చుక్కలన్నీ బటన్ నొక్కగా యంత్రం పెట్టినవే."

అందరూ నా వైపు చూశారు. సిగ్గుతో తల దించుకున్నాను. కానీ నిజం చెప్పాలి. నన్ను కళాకారిణి అని కాగితం మీద రాసింది ఈ లోకంలో ఆ దొంగ కంపెనీ ఒక్కటే. కాగితం నా చేతికొచ్చినప్పుడు, దించుకున్న తల దించుకునే, ఆ ముక్క ఇంకోసారి చదువుకున్నాను.

"నీ నోరు పడిపోను!" అని మా ఆయన చిందులు తొక్కాడు. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. చుక్కలమ్మ మాత్రం అరవలేదు. "అక్కా, నువ్వు నిజంగా అలాగే అనుకుంటున్నావా?" అని అడిగింది.

"నేను చూశానా పెట్టానా" అన్నాను.

ఆవిడ వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోయేసరికి నాకు ఒళ్ళు ఇంకా మండింది.

విచారణకు ఇద్దరినీ రమ్మన్నారు. ఆవిడ కర్త, నేను సాక్షి. కాపీరైట్ కార్యాలయం రెండో అంతస్తులో, పొడుగాటి బల్ల ఉన్న గది. తలుపు మీద నంబరు 23. నా అంకెలే. వరండాలో లాయరమ్మ చుక్కలమ్మను పక్కకు తీసుకెళ్ళి గట్టిగానే చెప్పింది. "ఎందుకన్ని చుక్కలని అడుగుతారు. అలాగే బాగుంటుందనిపించింది, నేనే ఎంచుకున్నాను అనండి. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దు."

లోపల ముందు తెర పెట్టించారు. చుక్కలమ్మ ఏ రోజు పని ఆ రోజు విడిగా దాచుకుందట, ముప్ఫై నాలుగు రోజులవి. వరసగా చూపించింది. మొదటి రోజు నా మూడు చుట్టూ పధ్నాలుగు చుక్కలున్నాయి. మూడో రోజు పంతొమ్మిది. ఒక చుక్క ఇవాళ ఇక్కడుంది, రేపు వెంట్రుకవాసి పక్కకి జరిగింది, ఎల్లుండి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఆ ఒక్క చుక్కే తొమ్మిదిసార్లు అటూ ఇటూ తిరిగింది. ఐదేళ్ళు వీపు తిప్పుకుని కూర్చున్నదాన్ని, ఆ గదిలో కళ్ళప్పగించి చూశాను. ఇది బటన్ పని కాదని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

అధికారి నా వైపు తిరిగాడు. "బటన్ నొక్కడం మీరు చూశారా అమ్మా?"

చూశానంటే సరిపోతుంది. ఆ పత్రం గోడ మీదనుంచి దిగిపోతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తెర మీద ఆ తొమ్మిదిసార్లు తిరిగిన చుక్క ఇంకా కనబడుతోంది.

"చూడలేదండీ" అన్నాను.

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"కడుపుమంటండీ."

అధికారి కలం ఆపాడు. "ఏమని రాసుకోమంటారు?"

"అదే రాసుకోండి."

లాయరమ్మ మొహం మళ్ళీ వెలిగింది. మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే. అవతలి లాయరు లేచి అడిగాడు. "పధ్నాలుగు చుక్కలు చాలేచోట నలభై ఒక్కటి ఎందుకు పెట్టారమ్మా?"

చుక్కలమ్మ తెర వైపు చూస్తూ నిలబడింది. నేర్పిన మాట చెప్పేస్తుందని నేనూ ఎదురుచూశాను.

"పధ్నాలుగుతో పెడితే అక్క చెయ్యి పోతుందండీ" అంది.

"అంటే?"

"అక్క మూడు రాసేటప్పుడు ఊపిరి బిగబట్టి మొదలుపెడుతుంది. మూడు నడుము దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపిరి వదిలేస్తుంది. అక్కడ గీత కాస్త లావెక్కి, సన్నగా వణుకుతుంది. మామూలుగా చూస్తే తెలీదు. అది తీసేస్తే మూడు చచ్చిపోతుందండీ. ఆ వణుకు పట్టుకోవడానికే మిగతా ఇరవై ఏడు చుక్కలూ."

ఆ వణుకు సంగతి నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా రెండో పూత వేసి దాన్ని కప్పెట్టుకుంటూ వస్తున్నాను. అది నా తప్పు అనుకున్నాను.

అవతలి లాయరు గొంతు తేనెలా అయిపోయింది. "అంటే అమ్మా, మీరుగా ఎంచుకున్నదేమీ లేదన్నమాట."

"లేదండీ. అక్క చెయ్యి ఎటు వెళ్తే నేనూ అటే వెళ్ళాను."

"నలభై ఒక్కటిలో మీ ఇష్టంతో పెట్టిన చుక్క ఒక్కటైనా ఉందా?"

ఆవిడ చాలాసేపు తెరనే చూసింది. లాయరమ్మ దగ్గింది. అధికారి గడియారం చూసుకున్నాడు.

"లేదండీ" అంది చివరికి.

బయటికొచ్చాక లాయరమ్మ ఫైలు చంకన పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పత్రం రద్దవుతుంది. ఇక ఆ సంఖ్య ఎవరిదీ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. చేతికొచ్చిన కేసుని ఇలా కాలదన్నుకున్నవాళ్ళని నేనెక్కడా చూడలేదు" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మేమిద్దరం ఎండలో బస్టాపు దాకా నడిచాం. నేను సంతోషించాలి నిజానికి. ఆ పేరు చెరిగిపోవాలనే కదా ఐదేళ్ళుగా కోరుకున్నాను, చెరిగిపోయింది. కానీ ఆవిడ అక్కడ అందరి ముందూ నిలబడి చెప్పిన మాట నన్ను నిలవనియ్యడం లేదు. పనిలో పేరు ఆవిడకే వచ్చింది. ఇప్పుడు మంచితనంలోనూ ఆవిడే గెలిచింది. దానికీ కుళ్ళుకున్నాను.

"నిన్నెవరు త్యాగం చెయ్యమన్నారు?" అన్నాను. "రేపు ఇంట్లో అందరూ నిన్ను నెత్తిన పెట్టుకుంటారు, నన్ను చీదరించుకుంటారు. అందుకేగా?"

"త్యాగమా, పాడా!" అని ఆవిడ నా మీదికి తిరిగింది. ఆరేళ్ళలో మొదటిసారి గొంతు పెంచింది. "నాదే అని చెబుదామనే వెళ్ళానక్కా. పెళ్ళయి వచ్చిన కొత్తలో ముందు నీ కుంచే పట్టుకున్నాను, తెలుసా? నువ్వు భోజనానికి పైకి వెళ్ళినప్పుడల్లా, నీ డబ్బాలో రంగుతోనే. ఎనిమిది నెలలు రాశాను. ఒక్క మూడు కూడా నిలబడలేదు, అన్నీ చించి పారేశాను. నీ చెయ్యి ఎటు వెళ్తోందో చుక్క చుక్కగా పట్టుకుంటే నాకూ వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. కనీసం కాగితం మీదైనా నాదవుతుందని నా పేరు వేయించుకున్నాను. ఇందాక ఆయన అడిగినప్పుడు, ఒక్కటంటే ఒక్క చుక్క నాది కనబడుతుందేమోనని నలభై ఒక్కటీ వెతికాను. ఒక్కటీ లేదు. అన్నీ నీవే. నువ్వు కుంచె పట్టుకుంటే నాకు ఎంత మంటగా ఉంటుందో నీకేం తెలుసు?"

చెబుతూ చెబుతూనే ఏడ్చేసింది. పక్కన నిలబడ్డవాళ్ళు మావైపు చూశారు.

ఐదేళ్ళుగా రగులుతున్న నా కడుపు చల్లబడింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అంత సుఖం నేను ఎన్నడూ ఎరగను. పెద్దదాన్ని, ఓదార్చాలి. భుజం మీద చెయ్యి కూడా వేశాను. కానీ నోట్లోంచి ఓదార్పు మాట రాలేదు.

"మూడు ఒక్కటేనా?" అన్నాను.

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఐదు కూడా."

"మరి రెండు?"

"రెండు చూసి రెండురోజులు అన్నం తినలేదు."

బస్సు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు, ఆవిడనీ ఎక్కనివ్వలేదు. ఇంకా ఏడు అంకెలు మిగిలి ఉన్నాయి.